ఆయిల్ ఫిల్టర్: కిలోమీటర్ల లెక్కా, గంటల లెక్కా?

ట్రాక్టర్ ఉన్న ఇంట్లో పెరిగినవాళ్లకు ఇది చిన్నప్పటి నుంచీ తెలిసిన సంగతే. ట్రాక్టర్ ఎంత దూరం తిరిగిందని ఎవరూ అడగరు, ఇంజన్ ఎన్ని గంటలు నడిచిందో చూస్తారు. దాని మీటరు చూపేది గంటలే. దుక్కిలో అయినా, దమ్ములో అయినా, బోదె గట్టు మీద నిలబడి నూర్పిడి యంత్రాన్ని తిప్పినా ఇంజన్ నడిచినట్టే లెక్క. చాలా ట్రాక్టర్లకు రెండు వందల యాభై గంటలకోసారి ఆయిల్ దించి ఫిల్టర్ మార్చడం వాడుక.

అదే ఇంటి అబ్బాయి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ కారు కొంటాడు. రోజూ మియాపూర్ నుంచి గచ్చిబౌలికి గంటంబావు పోను, గంటంబావు రాను. పండక్కి ఊరొచ్చినప్పుడు తండ్రి బానెట్ ఎత్తి, డిప్‌స్టిక్ తీసి, వేళ్ల మధ్య ఆయిల్ రాసి చూసి, "ఎప్పుడు మార్పించావురా?" అంటాడు. "ఇంకా పదివేలు కాలేదు నాన్నా" అని జవాబు. ఇద్దరూ అడిగేది ఒకటే, కొలిచే కొలత మాత్రం వేరు. ఈ ప్రశ్న మీద కంపెనీలు, మెకానిక్‌లు, కారు పిచ్చి ఉన్నవాళ్లు ఏళ్ల తరబడి చేస్తున్న వాదనలన్నీ పక్కపక్కన పెట్టి చూశాక, తండ్రి కొలతే నిజానికి దగ్గరగా ఉందని నాకు అర్థమైంది. ఎందుకో చెబుతాను.

ముందు ఆ డబ్బా లోపల ఏముందో చూడాలి. పాత ఫిల్టర్‌ను కోసి చూస్తే లోపల విసనకర్రలా మడతలు మడతలుగా మడిచిన కాగితం కనిపిస్తుంది. ఖరీదైన వాటిలో కాగితంతో పాటు సన్నటి గాజు పీచో, కృత్రిమ పీచో కూడా కలుస్తుంది. పంపు తోసిన ఆయిల్ బయటి అంచున ఉన్న చిల్లుల గుండా లోపలికి వచ్చి, ఈ మడతల్లో వడగట్టుకుని, నడిమి గొట్టం గుండా బేరింగుల వైపు పోతుంది. మూడున్నర లీటర్ల ఆయిలే నిమిషానికి ఎన్నోసార్లు ఈ దారిలో చుట్టి వస్తుంది. దానితో పాటు పిస్టన్ రింగుల దగ్గర అరిగిన లోహపు పొడి, ఇంధనం మండగా మిగిలిన మసి, గాలితో పాటు లోపలికి చొరబడిన దుమ్ము, కాలిన ఆయిల్ ముద్దలు ప్రయాణం చేస్తుంటాయి.

వీటి పరిమాణం చెప్పడానికి మైక్రాన్ కొలత కావాలి. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. క్రాంక్‌షాఫ్ట్‌కూ బేరింగుకూ మధ్య ఆయిల్ పొర కొన్ని చోట్ల ఐదారు మైక్రాన్లు కూడా ఉండదు. మామూలు కారు ఫిల్టర్ 20, 30 మైక్రాన్ల రేణువులను బాగానే పడుతుంది, అంతకన్నా చిన్నవి చాలావరకు జారిపోతాయి. కంటికి ఆనని ఆ పదిహేను, ఇరవై మైక్రాన్ల రేణువులే బేరింగు పొర మధ్య ఇరుక్కుని లోహాన్ని గీస్తాయి. ఈ విషయం మీద అందరూ ఎత్తిచూపే పరిశోధన 1988లో జనరల్ మోటార్స్ ఇంజనీర్ల నుంచి వచ్చింది. 40 మైక్రాన్ల స్థాయిలో వడగట్టే ఫిల్టర్‌తో పోలిస్తే 30 మైక్రాన్ల స్థాయి ఫిల్టర్ వాడినప్పుడు ఇంజన్ అరుగుదల సగానికి తగ్గిందని, 15 మైక్రాన్లకు దిగితే 70 శాతం తగ్గిందని వాళ్లు చూపించారు. ప్రయోగశాలలో కావాలని దుమ్ము కలిపి వేగంగా అరిగించిన ఇంజన్లవి. కాబట్టి ఆ అంకెలను మన ఇంటి కారుకు యథాతథంగా అంటగట్టకూడదు. అయినా అవి చూపే దిశ మీద నాకు అనుమానం లేదు.

మొదట్లో కార్లకు ఈ డబ్బాయే లేదు. ఆయిల్ త్వరగా చెడేది, త్వరగానే పారబోసేవాళ్లు. 1923లో అమెరికాలో ఎర్నెస్ట్ స్వీట్‌ల్యాండ్, జార్జ్ గ్రీన్‌హాల్ కలిసి ప్యూరొలేటర్ అనే ఫిల్టర్ తయారుచేశారు. మరుసటి ఏడాది వచ్చిన క్రైస్లర్ కారులో ఆయిల్ ఫిల్టర్ కారుతో పాటే వచ్చింది. చాలాకాలం పాటు ఈ ఫిల్టర్లు ఆయిల్‌లో కొద్ది భాగాన్నే పక్కదారిలో తెచ్చుకుని వడగట్టేవి. ఆయిలంతా ఫిల్టర్ గుండానే పోవాలన్న పద్ధతి రెండో ప్రపంచయుద్ధం తర్వాతే సర్వసాధారణమైంది. ఫోక్స్‌వ్యాగన్ పాత బీటిల్‌లో కాగితం ఫిల్టర్ లేదు, ఒక తీగల జల్లెడ మాత్రమే ఉండేది. అందుకే దానికి సుమారు ఐదువేల కిలోమీటర్లకోసారి ఆయిల్ మార్చమనేవాళ్లు. మన వీధిలో తిరిగే హీరో స్ప్లెండర్‌లోనూ కాగితం ఫిల్టర్ ఉండదు. తీగల జల్లెడా, చెత్తను గిరగిరా తిప్పి అంచుకు విసిరే గిన్నె లాంటి ఏర్పాటూ ఉంటాయి. చిన్న ఇంజన్, తక్కువ ఆయిల్, తరచుగా మార్పు: ఆ లెక్క వేరు.

ఆయిలంతా ఫిల్టర్ గుండానే పోవాలంటే ఒక ప్రమాదం ఉంది. ఫిల్టర్ పూడుకుపోతే బేరింగులకు ఆయిల్ అందక ఇంజన్ పట్టేస్తుంది. అలా కాకుండా ఫిల్టర్‌లోనో, ఇంజన్ బ్లాక్‌లోనో ఒక స్ప్రింగు వాల్వు పెట్టారు. కాగితానికి ఇటూ అటూ ఒత్తిడి తేడా ఒక హద్దు దాటితే ఆ వాల్వు తెరుచుకుంటుంది, ఆయిల్ వడగట్టకుండానే నేరుగా ఇంజన్‌లోకి పోతుంది. మురికి ఆయిల్ అయినా, అసలు ఆయిల్ లేకపోవడం కన్నా మేలే కాబట్టి.

ఎప్పుడు మార్చాలన్న ప్రశ్నకు ఆయువుపట్టు ఈ వాల్వే అని నేననుకుంటాను. పూడుకుపోయిన ఫిల్టర్ ఏ హెచ్చరికా ఇవ్వదు. డ్యాష్‌బోర్డు మీద ఎర్ర ఆయిల్ దీపం వెలగదు, ఎందుకంటే ఒత్తిడి బాగానే ఉంది. బండి లాగుడు తగ్గదు, మైలేజీ పడిపోదు. వడపోత ఆగిపోయిన సంగతి తెలియకుండానే వేల కిలోమీటర్లు తిరిగేస్తాం. బ్రేకు అరిగితే చప్పుడు చేస్తుంది, టైరు అరిగితే కనిపిస్తుంది, ఫిల్టర్ మాత్రం ఏమీ చెప్పదు. అందుకే దీన్ని లక్షణాలు చూసి మార్చడం కుదరదు, లెక్క పెట్టుకుని మార్చాలి. ఆ లెక్క మీదే పేచీ అంతా.

మొదటి పేచీ: ఆయిల్ మార్చిన ప్రతిసారీ ఫిల్టర్ మార్చాలా, రెండోసారికి మారిస్తే చాలా? రెండోసారికి చాలనేవాళ్ల మాటలో శాస్త్రం లేకపోలేదు. కాగితం మీద కాస్త చెత్త పేరుకున్నాక సందులు సన్నబడి, వడపోత కొత్తప్పటి కన్నా మెరుగుపడుతుంది. మజ్జిగ వడగట్టే గుడ్డ నాలుగుసార్లు వాడాక ఇంకా సన్నటి నలకలను పట్టినట్టు. హోండా ఏళ్ల తరబడి ఈ దారిలోనే నడిచింది. అమెరికాలో దాని కార్లలోని సూచిక ఎ అక్షరం చూపితే ఆయిల్ మాత్రం, బి చూపితే ఆయిల్‌తో పాటు ఫిల్టర్ కూడా మార్చమని అర్థం. అంటే మామూలుగా ఒకసారి విడిచి ఒకసారి.

అయినా నా తీర్పు ప్రతిసారీ మార్చాలనే. మొదటి కారణం పాత ఫిల్టర్ డబ్బాలో నిలిచిపోయే ఆయిల్. చిన్న కారులో అది పావు లీటరు దాకా ఉండొచ్చు. మూడున్నర లీటర్ల కొత్త ఆయిల్‌లో పావు లీటరు పాత ఆయిల్ కలపడం, కడిగిన బిందెలో అడుగున పాత నీళ్లు వదిలేసి కొత్త నీళ్లు పట్టడం లాంటిదే. రెండోది, వడపోత మెరుగుపడే దశ ఎక్కడ ముగిసి వాల్వు తెరుచుకునే దశ ఎక్కడ మొదలవుతుందో బయటినుంచి చూసేవాడికి తెలిసే మార్గం లేదు. మూడోది డబ్బు. చిన్న పెట్రోల్ కారుకు కంపెనీ ఫిల్టర్ రెండు వందల రూపాయల లోపే దొరుకుతుంది. పదిహేను వందలో రెండు వేలో పెట్టి ఆయిల్ పోయించి, దాని పక్కన ఈ రెండు వందలు మిగుల్చుకోవడంలో నాకు లాభం కనబడదు. సర్వీసింగ్‌లో ఖర్చు తగ్గించుకోవాలనుకుంటే ఇంజన్ ఫ్లష్ అనీ, కోటింగ్ అనీ బిల్లులో చేర్చేవాటిని తీసెయ్యమనండి, ఫిల్టర్ జోలికి పోవద్దు.

రెండో పేచీ పెద్దది: అసలు ఆయిల్, ఫిల్టర్ ఎంత కాలానికి? మన దేశంలో మారుతి సుజుకి, హ్యుందాయ్ పెట్రోల్ కార్లకు సాధారణంగా చెప్పే లెక్క పదివేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది. స్కోడా, ఫోక్స్‌వ్యాగన్ పదిహేను వేలు లేదా ఏడాది అంటాయి. యూరప్‌లో అదే ఫోక్స్‌వ్యాగన్, ప్రత్యేకమైన ఆయిల్ పోస్తే ముప్ఫై వేల కిలోమీటర్లు లేదా రెండేళ్ల దాకా వెళ్లొచ్చంటుంది. బండి తిరిగిన తీరును సెన్సర్లతో లెక్కగట్టి ఆ హద్దును కారే ముందుకు తెస్తుంది. అమెరికాలో దీనికి పూర్తిగా ఎదురు ధోరణి దశాబ్దాలు నడిచింది. మూడువేల మైళ్లకు, అంటే ఐదువేల కిలోమీటర్లకు లోపే మార్చాలన్నది అక్కడ ఇంటింటి మాటగా ఉండేది. ఆయిల్ అమ్మే దుకాణాల స్టిక్కర్లు ఆ మాటను బతికించాయి. చివరికి కాలిఫోర్నియా ప్రభుత్వ వ్యర్థాల శాఖే పూనుకుని, మీ కారు పుస్తకంలో ఎంత రాసుందో చూసుకోండని ప్రచారం చేసింది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటున్న మనవాళ్లు చాలామంది ఇప్పటికీ ఆ మూడువేల స్టిక్కర్‌ను నమ్ముతుంటారు. సింథటిక్ ఆయిల్ వాడే టొయోటాలకు అక్కడ ఆ కంపెనీయే మామూలు వాడకంలో పదివేల మైళ్లు చెబుతుంది.

సుదీర్ఘ గడువులు అన్నిసార్లూ క్షేమం కాదనడానికీ ఒక కేసు ఉంది. 1998 నుంచి 2004 మధ్య అమెరికాలో అమ్మిన ఫోక్స్‌వ్యాగన్ పస్సాట్ 1.8 టర్బో ఇంజన్లలో ఆయిల్ నల్లటి ముద్దగా గడ్డకట్టి పంపు జల్లెడను పూడ్చేసింది. కంపెనీ వారంటీని ఎనిమిదేళ్లకు పొడిగించింది, సింథటిక్ ఆయిలే వాడాలంది, చిన్న ఫిల్టర్ బదులు పెద్ద ఫిల్టర్ బిగించమని చెప్పింది. టర్బో వేడి ఎక్కువ, ఆయిల్ తక్కువ, ఫిల్టర్ చిన్నది. ఈ మూడూ కలిసినప్పుడు కాగితం మీది గడువు ఇంజన్‌ను కాపాడలేదు. ఇప్పుడు మన రోడ్ల మీద ఒక లీటరు టర్బో పెట్రోల్ ఇంజన్లు పెరుగుతున్నాయి కాబట్టి ఆ కేసును మరిచిపోకూడదు.

ఇక గంటల లెక్కకు వస్తాను. కారు పుస్తకం వెనక పేజీల్లో చిన్న అక్షరాలతో కఠిన పరిస్థితులు అని ఒక పట్టిక ఉంటుంది. దగ్గర దగ్గర ప్రయాణాలు, ఆగుతూ సాగే ట్రాఫిక్, దుమ్ము రోడ్లు, బరువు లాగడం, ఇంజన్ ఆన్‌లో ఉంచి ఎక్కువసేపు నిలబెట్టడం. ఇలాంటివి ఉంటే గడువును ఇంచుమించు సగానికి కోసుకోమంటుంది. ఆ పేజీ చదివినప్పుడల్లా ఇది మినహాయింపు కాదు, హైదరాబాద్ వర్ణన అనిపిస్తుంది నాకు.

లెక్క వేద్దాం. నగరంలో సగటు వేగం గంటకు 20 కిలోమీటర్లు అనుకుంటే పదివేల కిలోమీటర్లు తిరగడానికి ఇంజన్ 500 గంటలు నడవాలి. హైదరాబాద్–విజయవాడ హైవే మీద సగటున 65తో పోయేవాడికి అదే పదివేలకు సుమారు 155 గంటలు చాలు. మీటరు మీద ఇద్దరిదీ ఒకే అంకె, ఇంజన్ చేసిన పనిలో మాత్రం మూడింతల పైగా తేడా. ఫోర్డ్ కంపెనీ అమెరికాలో ట్రక్కుల విషయంలో ఈ సంగతి దాచకుండానే చెబుతుంది: ఇంజన్ ఒక గంట నిలబడి నడిస్తే సుమారు 25 మైళ్లు, అంటే 40 కిలోమీటర్లు తిరిగినట్టు లెక్కపెట్టుకోమంటుంది. ఎండాకాలంలో పిల్లల్ని స్కూలు నుంచి తెచ్చుకోవడానికి ఏసీ వేసుకుని గేటు ముందు రోజూ అరగంట నిలబడే కారుకు మీటరు మీద ఒక్క కిలోమీటరూ పడదు, ఫిల్టర్ మీద మాత్రం ఇరవై పడతాయి.

ఇప్పుడు ట్రాక్టర్ లెక్క తెచ్చి పక్కన పెట్టండి. 250 గంటలంటే నగరంలో ఐదువేల కిలోమీటర్లు, హైవే మీద పదహారు వేలు. కారు పుస్తకం కఠిన పరిస్థితులకు చెప్పే అంకె ఒకవైపు, పదిహేను వేలు చెప్పే కంపెనీల అంకె మరోవైపు వచ్చి ఇక్కడ కలుస్తున్నాయి. ట్రాక్టర్ ఇంజన్ మోసే భారం వేరు, కారుది వేరు, కాబట్టి ఈ 250ని శాసనంగా తీసుకోమనను. కానీ ఐదువేలని ఒకరు, పదిహేను వేలని ఒకరు వాదించుకుంటుంటే ఇద్దరి మాటా ఎలా నిజమవుతుందో ఈ కొలత చెబుతుంది. కిలోమీటర్లలో అది కనిపించదు.

అసలు తిరగని కార్ల కథ ఇంకోటి. పిల్లలు విదేశాల్లో ఉంటారు, తల్లిదండ్రుల కోసం కొనిచ్చిన కారు ఇంటి ముందు కవరు కింద ఉంటుంది. గుడికి, ఆస్పత్రికి, కూరగాయలకు, అంతే. ఏడాదికి రెండువేలు తిరగదు. ఇంకా ఐదువేలు కూడా కాలేదు, ఆయిల్ ఎందుకు దండగ అనుకుంటారు. రెండు కిలోమీటర్ల ప్రయాణంలో ఇంజన్ పూర్తిగా వేడెక్కదు. ఇంధనం మండినప్పుడు పుట్టే నీటి ఆవిరి ఆయిల్‌లో దిగిపోయి, ఆవిరై పోయేంత వేడి అందక అక్కడే నిలిచి, ఆయిల్‌ను పుల్లబెడుతుంది. ఆయిల్ మూత తీసి చూస్తే అడుగున మీగడ లాంటి తెల్లటి నురగ కనిపించడం ఇందుకే. ఫిల్టర్ లోపలి రబ్బరు కూడా కాలం గడిచేకొద్దీ గట్టిపడుతుంది. కాబట్టి ఏడాది గడువును కిలోమీటర్లతో సంబంధం లేకుండా పాటించాలి. ఇంటి దగ్గర పెద్దవాళ్లకు ఈ సంగతి ఫోన్‌లో చెప్పి, ఏడాదికోసారి గుర్తుచేసే పని పిల్లలు తీసుకుంటే బాగుంటుంది.

దుమ్ము గురించి ఒక అపోహ ఉంది. తాండూరులోనో, బేతంచర్లలోనో నాపరాయి పనుల మధ్య తిరిగే బండికి ఆయిల్ ఫిల్టర్ తరచుగా మారిస్తే చాలనుకుంటారు. రాతి దుమ్ము ఇంజన్‌లోకి వచ్చే ముఖద్వారం గాలి ఫిల్టర్. అది చిరిగినా, దాని పెట్టె మూత సరిగా కూర్చోకపోయినా దుమ్ము నేరుగా సిలిండర్లలోకి పోతుంది, ఆ తర్వాతే ఆయిల్‌లోకి దిగుతుంది. అలాంటి చోట ముందు గాలి ఫిల్టర్ చూడాలి, తర్వాత ఆయిల్ గడువును సగం చేయాలి. ఒకటి మార్చి ఇంకోటి వదిలేస్తే సగం పనే అయినట్టు.

డీజిల్ కార్లలో ఆయిల్ పోసిన రెండు రోజులకే నల్లబడిందని కంగారుపడే అవసరం లేదు. ఆ మసి రేణువులు మైక్రాన్ కన్నా చిన్నవి, ఏ ఫిల్టరూ వాటిని పట్టదు. వాటిని విడివిడిగా తేల్చి ఉంచే రసాయనాలు ఆయిల్‌లోనే ఉంటాయి. నిజంగా చూడాల్సింది ఆయిల్ మట్టం. 2020 ఏప్రిల్‌లో బీఎస్–6 నిబంధనలు వచ్చాక డీజిల్ కార్ల పొగగొట్టంలో మసిని పట్టి కాల్చే ఏర్పాటు ఉంది. ఊళ్లోనే తిరిగే బండిలో ఆ కాల్చే పని మధ్యలో తెగిపోతూ డీజిల్ ఆయిల్‌లో కలిసి మట్టం పెరగొచ్చు. డిప్‌స్టిక్ మీద ఆయిల్ తగ్గితే భయపడతాం. పెరిగితే కూడా వెంటనే మార్పించాలి.

గడువు సరిగా పాటించినా బిగించిన ఫిల్టర్ మంచిదై ఉండాలి. ఇంజన్ ఆపాక ఆయిల్ వెనక్కి జారిపోకుండా పట్టే రబ్బరు పొర ఫిల్టర్ లోపల ఉంటుంది. నాసిరకం ఫిల్టర్లో అది నాలుగు నెలలకే బిర్రుగా అయిపోతుంది. అప్పుడు రాత్రంతా నిలిచిన బండిని పొద్దున్నే స్టార్ట్ చేస్తే రెండు మూడు సెకన్లు టకటకమని చప్పుడు వస్తుంది. ఆ కాసేపు ఇంజన్ పైభాగం ఆయిల్ లేకుండా తిరుగుతోందన్నమాట. సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనూ, విజయవాడ ఆటోనగర్‌లోనూ నిజాయితీగా అమ్మే కొట్లు బోలెడున్నాయి, కంపెనీ పేరు అచ్చేసిన నకిలీ డబ్బాలు అమ్మే కొట్లూ ఉన్నాయి. బిల్లు ఇవ్వనివాడి దగ్గర ఫిల్టర్ కొనొద్దు. బిగించేటప్పుడు కొత్త రబ్బరు రింగుకు వేలితో ఆయిల్ రాయాలి, పాత రింగు ఇంజన్‌కే అతుక్కుని ఉండిపోలేదని చూసుకోవాలి. రింగు తాకాక చేత్తో ఇంకో ముప్పావు చుట్టు బిగిస్తే చాలు. రెండు రింగులు ఒకదాని మీద ఒకటి పడితే హైవే మీద ఆయిలంతా నిమిషాల్లో కారిపోతుంది.

ఒకసారి నా బిల్లులో కొత్త ఫిల్టర్‌కు డబ్బు పడింది, ఇంజన్ మీద మాత్రం పాత డబ్బాయే ఉంది. దాని మీద మట్టి, పోయినసారి నేను మార్కర్‌తో రాసిన తేదీ చూసి గుర్తుపట్టాను. ఆ రోజు నుంచి ప్రతి కొత్త ఫిల్టర్ మీదా తేదీ, కిలోమీటర్లు రాస్తున్నాను, మార్చిన పాతదాన్ని చూపించమని అడుగుతున్నాను. మొదట్లో అడగడానికి మొహమాటపడ్డాను. ఇప్పుడు లేదు. డబ్బు మనది, ఇంజన్ మనది.

దించిన ఆయిల్ గురించి కూడా అడగండి. ఒక్క కారు నుంచి తీసిన ఆయిల్ పది లక్షల గ్యాలన్లు, అంటే దాదాపు 38 లక్షల లీటర్ల మంచినీటిని పాడుచేయగలదని అమెరికా పర్యావరణ సంస్థ చెబుతుంది. పాత ఫిల్టర్‌లోనూ కొంత మిగిలే ఉంటుంది, బోర్లించి ఒక రాత్రంతా కారనివ్వాలి. మన దేశంలో వాడిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థాల జాబితాలో ఉంది. 2024 ఏప్రిల్ నుంచి ఆయిల్ తయారీదారులకు దాన్ని తిరిగి సేకరించి శుద్ధి చేయించే బాధ్యత కూడా చట్టంలోకి వచ్చింది. షెడ్డు వెనక కాలవలో పోసే మెకానిక్ దగ్గరికి మళ్లీ వెళ్లకండి.

ఇక నేను మా ఇంట్లో పాటించేది, అడిగినవాళ్లకు చెప్పేది ఇది. ఆయిల్‌తో పాటు ఫిల్టర్ ప్రతిసారీ. ఎక్కువగా హైవే మీద తిరిగే బండికి కంపెనీ చెప్పిన గడువు దాకా నిశ్చింతగా ఆగొచ్చు. నగరం ట్రాఫిక్‌లో రోజూ నలిగే బండికి, దుమ్ము రోడ్లలో తిరిగేదానికి, చిన్న టర్బో ఇంజన్‌కు ఆ గడువులో సగం నుంచి మూడొంతుల మధ్య. ఏది ఎంత తిరిగినా ఏడాదికి మించి వద్దు. మూడువేలకే మార్చమనే స్టిక్కర్ ఎవరికీ అక్కర్లేదు. చాలా కొత్త కార్ల తెర మీద సగటు వేగం కనిపిస్తుంది. ఈసారి సర్వీసింగ్ అయిన రోజే దాన్ని సున్నాకు తిప్పి పెట్టండి. రెండు నెలలకు చూడండి. ఆ అంకె పాతికకు లోపే ఉంటే ఐదారు వేలకే బండిని షెడ్డుకు తీసుకెళ్లండి, పదివేల కోసం ఆగొద్దు.